నలుగురి చేతి గిన్నె

ఉప్పేటిపాళెం సంఘానికి పాదిరి లేడు. దొరక్క కాదు, వద్దనుకున్నారు కనక లేడు. అల్లూరు నుంచి సముద్రం దాకా ఏ గుడిలోనూ లేని వింత అది. కాపరి లేని మంద ఎవరి దొడ్లో తేలుతుందో చూస్తాం గదా అని పక్క ఊళ్ల విశ్వాసులు నవ్వేవాళ్లు. ఆ మాట చెవిన పడితే చెంచమ్మ ఊరుకునేది కాదు. "మాకు ఒక పాదిరి లేడు గానీ నలుగురుండారు. మీ ఒక్కడికి జొరమొస్తే మీ గుడికి తాళం పడతది. మాకట్ట కాదు" అని నోళ్లు మూయించేది. ఆ నలుగురిలో ఆమె ఒకతె.

చెంచమ్మ బైబిలు స్త్రీ. చంకన బైబిలు పెట్టుకుని గడప గడపకూ తిరిగి, ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చేటలో బియ్యం ఏరిపెడుతూ వాక్యం చెప్పడం ఆమె పని. అక్షరాలు నేర్పిందీ, తెల్లచీర కట్టించి ఆ పనిలో పెట్టిందీ మిషను దొరసాని. ఆ తెల్లచీర మాత్రం మొగుడు పోయాక ఎట్లాగూ కట్టాల్సిందే అని చెంచమ్మ అప్పుడప్పుడూ అనేది. నవ్వుతూనే అనేది, వినేవాళ్లకు నవ్వు వచ్చేది కాదు.

మొగుడు రమణయ్య బకింగ్‌హాం కాలవ మీద ఉప్పు పడవలు లాగేవాడు. ఆ రోజుల్లో సంఘానికి ఒకడే పాదిరి. ఆయన ప్రసంగం చెబితే రాళ్లు కూడా కరిగేవి. గుడి మెట్లు దిగాడంటే ఊరి కరణం కూడా ఆయన ముందు చాలడు. పిల్లకు పేరు పెట్టాలన్నా, పెళ్లి జరగాలన్నా ముందు ఆయన చేలో కలుపు తీయాలి. రమణయ్య నోరు ఊరుకోక ఆ సంగతి దొరసానికి చెప్పాడు. చెప్పినందుకు పాదిరి అతన్ని ప్రభువు బల్లకు దూరం పెట్టాడు. నెలకోసారి అందరూ తినే రొట్టె, అందరూ ఒకే గిన్నెలో తాగే ద్రాక్షరసం అతనికి లేకుండా పోయాయి. ఆ శిక్షలో ఉండగానే కామెర్లు వచ్చాయి. పోయేముందు ఒక్క తునక రొట్టె, ఒక్క గుక్క రసం అడిగాడు. చెంచమ్మ పరిగెత్తి పోయి పాదిరి కాళ్లు పట్టుకుంది. అతనిలో పశ్చాత్తాపం కనబడలేదని ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. రమణయ్య ఎండిన నోటితోనే పోయాడు.

ఆ తర్వాత పాదిరి వేరే ఊరికి మారిపోయాడు, ఎప్పుడో చచ్చి కూడా పోయాడు. అయినా పొద్దున్నే పొయ్యి ముట్టిస్తూ చెంచమ్మ ఆయన్ని పేరు పెట్టి తిట్టకుండా ఉండేది కాదు. బైబిలు స్త్రీ అట్లా తిట్టకూడదని ఆమెకు తెలుసు. అందుకే ముందు తిట్టేసి, తర్వాత ప్రార్థన చేసుకునేది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటాక దొరసాని తన దేశానికి వెళ్లిపోయే వేళ అయింది. వెళ్లేముందు సంఘాన్ని గుళ్లో కూర్చోబెట్టి, ఇక మీ ఇల్లు మీరే దిద్దుకోవాలి, ఎవరిని కాపరిగా పెట్టమంటారు అని అడిగింది. కొందరు మిషను బడి పంతులు సమాధానం పేరు చెప్పారు. చదువుకున్నవాడు, మాట తీరు తెలిసినవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని అయ్యవారనే పిలుస్తారు. కొందరు సంఘపెద్ద జకరయ్య అన్నారు. సొంత చేను, వయసు, పెద్దరికం ఉన్నవాడు. కుర్రకారు మాత్రం బైబిలు స్కూల్లో చదివి కొత్తగా వచ్చిన క్రీస్తురాజు కావాలన్నారు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి చెంచమ్మ లేచింది. "ఒక్కడి చేతిలో రొట్టె పెడితే ఏమవుతాదో నా మొగుడి సమాధిని అడగండి. ఏ ఒక్కడి చేతిలోనూ పెట్టొద్దు. నలుగురి చేతిలో పెట్టండి" అంది. దొరసాని ఆమెను దగ్గరికి పిలిచి, ఆ నాలుగో మనిషివి నువ్వే అంది.

నలుగురు కలిసి చేసే పని ఏ ఒక్కరూ విడిగా చేయలేకుండా ఒక ఏర్పాటు కావాల్సి వచ్చింది, దానికీ ఉపాయం చెంచమ్మే చెప్పింది. ప్రభువు బల్ల సామాను నాలుగిళ్లకు పంచారు. రొట్టె పళ్లెం జకరయ్య ఇంట్లో ఉంటుంది. బల్ల మీద పరిచే గుడ్డ సమాధానం ఇంట్లో. ఎండు ద్రాక్ష నానబెట్టి రసం పిండే పని క్రీస్తురాజుది. ఇత్తడి గిన్నె చెంచమ్మ దగ్గర. నలుగురూ వస్తేనే బల్ల, నలుగురూ చేతులు వేస్తేనే రొట్టె విరవడం. ఎవరికన్నా ఒకరి మీద కోపం వచ్చి రొట్టె లేదనాలంటే నలుగురికీ ఒకేసారి కోపం రావాలి. ఈ కట్టు విని దొరసాని కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. చెంచమ్మ ఆ రోజు గిన్నెను కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చి, రమణయ్య తలపాగా గుడ్డలోనే మూట కట్టి దూలానికి వేలాడదీసింది.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. శనివారం సాయంత్రం నలుగురూ గుళ్లో ఒకే ఈతచాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్లు. పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. ఆదివారం ప్రసంగం వంతుల ప్రకారం. చెంచమ్మ వంతు వచ్చిన వారం మగవాళ్లు చుట్టలు కాల్చుకుని తీరిగ్గా వచ్చేవాళ్లు, అయినా వచ్చేవాళ్లు.

తర్వాత సమాధానానికి నడుం నొప్పి పట్టుకుంది. బడి నుంచి కుర్చీ తెప్పించుకున్నాడు. బడిపంతులు కుర్చీలో ఉండగా సంఘపెద్ద నేల మీద కూర్చుంటే చూసేవాళ్లకు బాగుండదని జకరయ్య బల్ల వేయించుకున్నాడు. పెద్దలిద్దరూ పైనుంటే మెడ ఎత్తి మాట్లాడాల్సి వస్తోందని క్రీస్తురాజు స్టూలు తెచ్చుకున్నాడు. చాపను మాత్రం ఎవరూ తీసేయలేదు. అది నలుగురి చాప అనే మాటనూ తీసేయలేదు. కాకపోతే దాని మీద చెంచమ్మ ఒక్కతే మిగిలింది.

ఆమెకు మండేది. కానీ ఎవరు ఎక్కడ కూర్చుంటేనేం, రొట్టె కట్టు తెగలేదు గదా అని సర్దుకునేది. కుర్చీలు వస్తాయి, విరుగుతాయి. నలుగురి చేతులు పడందే గిన్నె లేవదు, అది చాలు అనుకునేది. ఆ నమ్మకం మీదే ఆమె బతికింది.

మాలకొండమ్మ పక్కనున్న పట్టపుపాళెం మనిషి, సముద్రం మీద చేపలు పట్టే కులం. వేటకు పోయిన మొగుడు తిరిగి రాలేదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. ఒకరోజు ఎండకు సొమ్మసిల్లి చెంచమ్మ పంచలో కూలబడింది. చెంచమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఇవ్వబోయి ఆగింది. పట్టపువాళ్లు క్రైస్తవపాళెం నీళ్లు తాగరు. మాలకొండమ్మ కూడా ఆ చెంబు వంక చూసి, దాహంతోనే లేచి వెళ్లింది. మళ్లీ వారం అదే పంచలో గంప దించింది. నీళ్లకు కాదు, మాటకు. ఆ మాటలు రెండు మూడు వానాకాలాలు సాగాయి. ఒకనాడు తనే అడిగి, కాలవ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకుంది.

పట్టపుపాళెం అట్టుడికింది. ఆమె మరిది వెంకయ్య వదిన గుడిసె పీకేస్తానన్నాడు. చివరికి వాళ్ల పెద్దలు కూర్చుని ఒక కట్టు చేశారు. మునిగితే మునిగింది, కాలవ నీళ్లు అందరివీ. ఆ గుడివాళ్ల గిన్నెలో మూతి పెట్టనంత కాలం ఆమె మన మనిషే. పెట్టిందంటే మనకు చచ్చినట్టే, చచ్చాక మోసేవాడు ఉండడు.

అందుకని మాలకొండమ్మ బల్ల దగ్గర రొట్టె తునక తినేది, గిన్నె వచ్చినప్పుడు మాత్రం కొంగుతో పట్టుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న చెంచమ్మకు ఇచ్చేసేది. తాగేది కాదు. సంఘంలో గొణుగుడు మొదలైంది, దేవుడు కావాలి గానీ మన ఎంగిలి వద్దంట అని. చెంచమ్మకూ ఆ గిన్నె చేతికి వచ్చినప్పుడల్లా గుండెలో ముల్లు గుచ్చుకునేది. కానీ ఒక్కనాడూ ఆమెను అడగలేదు. ఆ గుక్క గొంతు దిగాలంటే ఆ మనిషి ఎంత సముద్రం ఈదాలో చెంచమ్మకు తెలుసు. ఆమె ఈదేదాకా మనం గట్టు మీద నిలబడాల్సిందే అని మిగతావాళ్లను కసిరేది.

కార్తీకమాసం వానల్లో మాలకొండమ్మ మంచం పట్టింది. దగ్గు, జ్వరం, డొక్కలు ఎగరేయడం. అల్లూరు కాంపౌండరు వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్లాడు. ఒక పొద్దున చెంచమ్మ గంజి కాచి తీసుకుపోతే, మాలకొండమ్మ గంజి తోసేసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ గిన్నె తే. ముందు నువ్వు తాగు. నీ తర్వాత నేను తాగతా" అంది. "నన్ను మీ సమాధుల తోటలో పెట్టండి. మావోళ్లు మొయ్యకపోతే మీరు మొయ్యరా?"

గుడిసె వాకిట్లో కూర్చుని వల అల్లుతున్న వెంకయ్య ఆ మాట విన్నాడు. చేతిలో పని ఆపాడు.

చెంచమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎన్నేళ్ల ఎదురుచూపు అది. మోస్తాం, ఎందుకు మొయ్యం, ఇప్పుడే నలుగురినీ పిలుచుకొస్తానని చెప్పి వానలోనే బయటపడింది.

ముందు బడికి పోయింది. బడి నిండా మామిడాకుల తోరణాలు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు. సమాధానం ఉతికిన కోటు వేసుకుని, పిల్లల చేత లెక్కలు వల్లె వేయిస్తున్నాడు. చెంచమ్మ చెప్పింది విని, మంచి మాట, దేవునికి స్తోత్రం అన్నాడు. ఇన్‌స్పెక్టరు జీపు కదలగానే వస్తానన్నాడు. పోనీ గుడ్డ ఇవ్వండి, ఈలోగా మిగతావాళ్లతో మొదలుపెడతామని చెంచమ్మ అడిగింది. ఆయన చిన్నగా నవ్వాడు.

"నలుగురం లేందే బల్ల ఎట్ట పరుస్తావు చెంచమ్మా? నువ్వు పెట్టిన కట్టే గదా."

నిజానికి ఆ క్షణాన చెంచమ్మకు కాస్త గర్వం కూడా కలిగింది, అయ్యవారు కూడా ఆ కట్టును తన పేరుతో చెబుతున్నాడని.

జకరయ్య చేలో ఉన్నాడు. చెరువు నీళ్లు ఆ రోజు ఆయన వంతు, వాన పడుతున్నా వంతు వదులుకునే మనిషి కాదు. మడవ దగ్గర పార పట్టుకుని నిలబడి, నీళ్లు పక్క చేలోకి మళ్లకుండా కాపలా కాస్తున్నాడు. అయ్యవారు బయల్దేరితే నాకు కబురు పెట్టు మే, ఆయన వెంటే వస్తా అన్నాడు. పళ్లెమన్నా తీసుకెళతానంటే, ఇంట్లో లేదు, తోమించడానికి క్రీస్తురాజు తీసుకెళ్లాడన్నాడు. అంటూ ముఖం పక్కకు తిప్పి మడవలో మట్టి వేశాడు. చెంచమ్మ అది గమనించలేదు. గమనించినా నీళ్ల తొందర అనుకునేది.

క్రీస్తురాజు ఇంటి దగ్గర అతని భార్య పిల్లకు తల దువ్వుతోంది. ప్రభువు పని మీద అల్లూరు పోయినాడు, పొద్దు గూకే వేళకు వస్తాడంది. రసం పిండి పెట్టాడా అని అడిగితే, ఏమో అక్కా, సీసా ఆయనే తీసుకుపోయినాడంది.

పదిమందిలో పాము చావదంటారు. నలుగురిలో కూడా చావదని చెంచమ్మకు ఆ రోజు తెలియలేదు. అయ్యవారు జీపు కోసం, జకరయ్య అయ్యవారి కోసం, ఇద్దరూ క్రీస్తురాజు కోసం. నలుగురిలో ఎవరో ఒకరు చూసుకుంటారని ఎవరికి వారే యమునాతీరే. ఆమె మాత్రం నమ్మింది. ఇంటికి పోయి దూలానికి ఉన్న మూట విప్పి, గిన్నె తోమి, అదే తలపాగా గుడ్డలో చుట్టుకుని మాలకొండమ్మ గుడిసెకు చేరింది.

మాలకొండమ్మ కళ్లు గిన్నె మీదే నిలిచాయి. ఇద్దరూ ఎదురుచూశారు. వాన తగ్గింది, మళ్లీ పట్టుకుంది. గుడిసె ముందు అడుగుల చప్పుడైనప్పుడల్లా మాలకొండమ్మ తల ఎత్తేది. మేకలో, వల మోసుకుపోయేవాళ్లో. ఎగశ్వాస మొదలైంది.

"రాలేదా అక్కా?"

"వస్తా ఉండారు. రవంత ఓర్చుకో."

"నీ చేత్తో నువ్వే పొయ్యరాదా?"

చెంచమ్మ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. పోయొచ్చు. ఎవరు చూడొచ్చారు? ద్రాక్షరసం లేకపోతే మానె, ఆమె నమ్మిన దేవుడు నీళ్లను కూడా కాదనడు. కానీ ఈ ఒక్క రోజుకని తాను ఒక్కతే ఇస్తే, రేపు ఇంకొకడు తానొక్కడే ఇవ్వనంటాడు. ఒక్క చెయ్యి ఇవ్వగలిగితే ఒక్క చెయ్యి కాదనగలదు. రమణయ్య ఎండిన పెదాలు కళ్ల ముందు ఆడాయి. అంతకన్నా లోపల ఇంకో భయం ఉంది. నలుగురిలో కట్టు మొదట తెంచింది ఆడదేనన్న మాట వస్తుంది. ఆ మాట కోసం ముగ్గురూ ఎన్నాళ్ల నుంచో కాచుకుని ఉన్నారని ఆమెకు తెలుసు.

"నలుగురం ఉండాల తల్లీ" అంది. అన్నాక తన గొంతు తనకే పాత పాదిరి గొంతులా వినబడింది.

మాలకొండమ్మ కాసేపు కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, "నీళ్లన్నా పొయ్యి అక్కా అందులో. దప్పిగా ఉండాది" అంది.

చెంచమ్మ లేచింది. కుండలో నీళ్లు ముంచింది. గిన్నె ఆమె ఎడమ చేతిలోనే ఉంది. నీళ్లు మాత్రం మాలకొండమ్మ సొంత చెంబులో పోసి నోటికి అందించింది. మాలకొండమ్మ తాగలేదు. చెంబును చూసింది, గిన్నెను చూసింది, చెంచమ్మ ముఖం చూసింది.

"ఇన్నాళ్లూ నా మనసు ఒప్పలా. ఇప్పుడు మీ మనసు ఒప్పలేదా అక్కా?"

అదే ఆఖరి మాట. దీపాలు పెట్టే వేళ కాకముందే ప్రాణం పోయింది.

సమాధానం వచ్చాడు. గొడుగు కింద, చంకలో మడత నలగని బల్లగుడ్డతో, ఒక్కడే వచ్చాడు. ఇన్‌స్పెక్టరు బడిని మెచ్చుకున్నాడన్న సంతోషం ఇంకా ముఖం మీద ఆరలేదు. గుడిసె ముందు పట్టపుపాళెం మగవాళ్లు చేరి ఉన్నారు. వాళ్ల మధ్య నుంచి వెంకయ్య ముందుకు వచ్చి, అయ్యవారిని వదిలి చెంచమ్మనే అడిగాడు.

"మా వదిన మీ గిన్నెలో తాగినాదా?"

అబద్ధం చెబితే ఒక్క మాటతో సరిపోయేది. తాగింది అంటే వాళ్లు వదిలేసి పోతారు, మాలకొండమ్మ కోరిన తోటలో ఆమెకు చోటు దొరుకుతుంది. చెంచమ్మ నోరు తెరిచింది. బైబిలు స్త్రీ నోరు అది. అబద్ధం రాలేదు.

"లేదు" అంది.

"అయితే మా మనిషే" అన్నాడు వెంకయ్య. అతని గొంతులో గెలిచిన పొగరు లేదు, వదినను దక్కించుకున్న ఊరట ఉంది. చెంచమ్మకు దాంతో ఇంకా బాధ వేసింది. వాళ్లు ఆమెను వాళ్ల పద్ధతిన సముద్రం ఒడ్డుకు తీసుకుపోయారు. సమాధానం గుడ్డ తడవకుండా చంక మార్చుకుని, అంతా ప్రభువు చిత్తం అన్నాడు.

శనివారం నలుగురూ కూర్చున్నారు. అంటే ముగ్గురు పైన, ఒకతె చాప మీద. సమాధానమే మాట ఎత్తాడు. జరిగింది విచారకరం అన్నాడు. ఇందులో ఒకరి తప్పు లేదు, మనందరి తప్పూ ఉంది, మనందరం కలిసి పశ్చాత్తాపపడదాం అన్నాడు. ఆ మీదట చేసిన ప్రార్థన ఎంత బాగుందంటే, వింటున్నంతసేపూ చెంచమ్మకు కూడా గుండె తేలికపడింది. జకరయ్య గట్టిగా ఆమేన్ అన్నాడు. క్రీస్తురాజు తల వంచుకుని గోళ్లు చూసుకుంటూ ఉన్నాడు. పాపం, కుర్రవాడు బాగా కుంగిపోయాడనుకుంది చెంచమ్మ.

ఆమె ఇంటికి పోయాక ఆ తేలిక నిలవలేదు. అందరిదీ తప్పంటే పంచుకోవాలి గదా. ఆ ముగ్గురూ తమ వంతు ఎక్కడ పెట్టుకున్నారో తెలియదు గానీ, ఆమెకు మాత్రం మొత్తం తన ఇంటికే వచ్చినట్టుంది. గిన్నె తన దగ్గర ఉంది. నీళ్లు తన దగ్గర ఉన్నాయి. అడిగింది తననే. పొద్దున పొయ్యి ముట్టించి, అలవాటు చొప్పున పాదిరిని తిట్టబోయి, నోట మాట రాక పొగలో కూర్చుండిపోయింది.

బల్ల ఆదివారం వచ్చింది. ఆ రోజు గుడి ముందు జీపు ఆగింది. అల్లూరు నుంచి కాలవల ఓవర్సీరు ప్రకాశరావు వచ్చి, ముసలి తల్లిని చెయ్యి పట్టుకుని దింపాడు. జకరయ్య ఎదురుపోయాడు. సమాధానం తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. ఎన్నేళ్ల నడుం నొప్పి ఆ పూటకు ఎటు పోయిందో మరి.

పాటలయ్యాక ఓవర్సీరు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. పెద్ద ఉద్యోగి అయినా మెత్తని మనిషి, మనసులో కల్మషం లేని మనిషి. చెప్పకూడని మాట చెబుతున్నానని అతనికి తెలియనే తెలియదు.

"మీ బడికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజే మా అమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. తెల్లవారకముందే జీపు పంపాను. సమాధానం గారు ఒక్క నిమిషం ఆలోచించకుండా క్రీస్తురాజు గారిని ఎక్కించి పంపారు. జకరయ్య గారు గుడి పళ్లెం ఇచ్చారు. గిన్నె తేవడానికి వ్యవధి లేదని మా ఇంటి వెండి గ్లాసులోనే రసం పోసి ఇచ్చారు. ఆ గుక్క తాగాకే మా అమ్మ లేచి కూర్చుంది. మీ నలుగురి ప్రేమను మేం మరిచిపోలేం."

గుడిలో స్తోత్రాలు మోగాయి. ముసలమ్మ చెంచమ్మ వైపు కూడా తిరిగి చేతులు జోడించింది. నలుగురిలో ఆమె ఒకతె గదా.

చెంచమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది. జకరయ్య మడవ దగ్గర తిప్పినట్టే ముఖం పక్కకు తిప్పాడు. సమాధానం బైబిల్లో పుట ఏదో వెతుకుతున్నాడు. నువ్వు పెట్టిన కట్టే గదా అని నవ్విన వేళకు, ఆయన క్రీస్తురాజును ఎక్కించి పంపిన జీపు అల్లూరు చేరి ఉంటుంది. పక్కనే స్టూలు మీదున్న క్రీస్తురాజు వంగి ఆమె చెవిలో చెప్పాడు. "జీపు పంపినారక్కా. ఎట్ట కాదంటాం?"

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అనలేదు. మాలకొండమ్మకు ఆ నలుగురిలో మనవాళ్లు లేరు. ఉన్న ఒక్కతె కట్టు కాపలా కాస్తూ కూర్చుంది. ఆ కట్టు ఎప్పుడో తెగిపోయిందనీ, తెగిన తాడు రెండో కొసను తానొక్కతే పట్టుకుని లాగుతున్నాననీ చెంచమ్మకు అప్పుడు అర్థమైంది. ఇదే మొదటిసారో కాదో కూడా ఆమెకు తెలియదు. అడగాలనిపించలేదు.

బల్లగుడ్డ పరిచారు. నలుగురూ రొట్టె మీద చేతులు వేశారు, ఆమె చెయ్యి కూడా వేసింది. రొట్టె తిరిగింది. ఇత్తడి గిన్నె వరస వెంట చేతులు మారుతూ వచ్చింది. మాలకొండమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది, అందుకని ఆ అవతలి మనిషి కాస్త వంగి గిన్నెను చెంచమ్మకు అందించింది.

చెంచమ్మ గిన్నెను కొంగుతో పట్టుకుంది. కళ్లకద్దుకుంది. తాగకుండా పక్కకు ఇచ్చేసింది. అది ఎవరి పద్ధతో గుళ్లో అందరికీ తెలుసు. పాట ఒక చరణం తడబడి, మళ్లీ సర్దుకుంది. కుర్చీలో ముసలమ్మ గిన్నె అందుకుని తృప్తిగా తాగింది.

జనం వెళ్లిపోయాక సమాధానం దగ్గరికి వచ్చాడు. ఎందుకు తాగలేదని అడిగాడు, సంఘమంతా చూసింది, ఏమనుకుంటారని అడిగాడు. చెంచమ్మ ఆయన మీద కేకలు వేయలేదు. వేద్దామనే లేచింది గానీ, లేచాక ఎవరి మీద వేయాలో తేలలేదు.

"నా మొగుడికి ఇయ్యనోడికి ఒక పేరుండాది అయ్యవారా. పొద్దున లేస్తానే ఆ పేరు పెట్టి తిట్టుకుంటా బతికినా. అది తప్పో ఒప్పో, నాకు ఆసరా. మాలకొండమ్మకు ఇయ్యనోళ్లను ఏం పేరు పెట్టి తిట్టుకోవాల? మీ పేరేందంటే నలుగురమంటారు. నలుగురంటే నేనుగూడా ఉండా" అంది.

సమాధానం ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"ఇది నేనొక్కణ్ణే చెప్పే మాట కాదు చెంచమ్మా. శనివారం నలుగురం కూర్చుని మాట్టాడుకుందాం" అన్నాడు.

ముసలమ్మ లేచిపోయిన కుర్చీ ఇంకా బల్ల పక్కనే ఉంది. చెంచమ్మ ఎంగిలి గిన్నెను కడక్కుండానే ఆ కుర్చీలో వదిలి, రమణయ్య తలపాగా గుడ్డ ఒక్కటీ దులిపి భుజాన వేసుకుని ఇంటికి నడిచింది.